తలలు మనవి, పొత్తులు వాళ్ళవి

2024 జూన్‌లో వోట్ల లెక్కింపు అయిన నాలుగో రోజు. మా పల్లె మొగదల వేపచెట్టు కింద వొక పార్టీ నాయకుడు మోటారు సైకిలు దిగాడు. చేతిలో వొక కాగితం. యే బూతులో యెవరికెన్ని వోట్లు పడ్డాయో అందులో వుంది. మమ్మల్ని చూసి నవ్వుతూనే అన్నాడు: "యేం మాష్టారూ, మీ పల్లె బూతులో మాకు పడ్డవి యివేనా? రేపు పనుండి మా దగ్గరికొస్తే మేం కూడా యీ కాగితం తీసి చూసుకోవాల్సొస్తది."

పక్కన తట్ట దించుకుని కూర్చున్న పెద్దామె ఆయన వెళ్ళేదాకా నోరు విప్పలేదు. వెళ్ళాక అడిగింది: "అబ్బయ్యా, మేం మీట యెవురికి నొక్కామో ఆ మిషనుకే గదా తెలవాల. ఆయన కాగితంలోకి యెట్టా యెక్కింది?"

ఆమె అడిగినదానికి జవాబు చెప్పాలనే యీ నాలుగు మాటలు రాస్తున్నాం. మేం బడిపంతుళ్ళం. మా యింట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. యెన్నికలొస్తే మమ్మల్ని బూతులో కూర్చోబెడతారు. జనాభా లెక్కలొస్తే పుస్తకం యిచ్చి యింటింటికీ తిప్పుతారు. మన తలలు యెట్లా లెక్కపెడతారో, ఆ లెక్కను పార్టీలు యెట్లా వాడుకుంటాయో దగ్గర్నుంచి చూశాం. చూసింది మన వాళ్ళకు చెప్పకపోతే యీ చదువెందుకు?

బూతు కాగితం

మిషను మనలో వొక్కొక్కరి వోటు బయటపెట్టదు. కానీ బూతు మొత్తం మీద యెవరికెన్ని పడ్డాయో విడిగా చూపిస్తుంది. మన పల్లె వూరికి దూరంగా, వొక మూలన వుంటుంది. చాలా చోట్ల పల్లె మొత్తం వొకే బూతులోకి వస్తుంది. బూతు లెక్క బయటికొచ్చిందంటే పల్లె లెక్క బయటికొచ్చినట్టే. బ్యాలెట్ పెట్టెల కాలంలో పెట్టెల్లోని కాగితాలన్నీ కలిపేసి లెక్కపెట్టే పద్ధతి వుండేది. 2004లో దేశమంతటా మిషన్లు వచ్చాక ఆ కలపడం పోయింది. కొన్ని బూతుల మిషన్లను జతచేసి వొకేసారి మొత్తం తీసే యంత్రం వుంది. దాన్ని వాడదామని యెన్నికల సంఘం 2008లోనే అడిగింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో అదే మాట చెప్పింది. కేంద్ర ప్రభుత్వం వొప్పుకోలేదు. యెందుకు వొప్పుకుంటుంది? యే పల్లెకు నీళ్ళ పైపు వెయ్యాలో, యే పల్లెను యెండబెట్టాలో ఆ కాగితమే గదా చెప్పేది!

అంటరానితనం మనల్ని వూరవతల పెట్టింది. వూరవతల వున్నందుకు యిప్పుడు మన వోటు గుట్టు కూడా రట్టవుతోంది.

అయితే యిందులో యింకో సంగతి వుంది. మన లెక్క వాళ్ళ జేబులో వుంది. వాళ్ళ లెక్క మన దగ్గర లేదు. యే కులం యెటు కదిలితే యే పార్టీ లేస్తుందో, యెవరు యెవరితో కలిస్తే యెవరు పడిపోతారో వాళ్ళు రాత్రింబవళ్ళు కూడికలు తీసివేతలు చేస్తారు. మనం మాత్రం జెండా పట్టుకుని జై కొడతాం. అందుకే యీసారి మనం కూడా పలకా బలపం పట్టుకుని కూర్చుందాం.

యిరవై యేడు, రెండు

ఆంధ్రప్రదేశ్‌లో మనకు రిజర్వు చేసిన అసెంబ్లీ సీట్లు 29. 2019లో వాటిలో 27 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. కొండపి తెలుగుదేశానికి, రాజోలు జనసేనకు వచ్చాయి. అయిదేళ్ళు తిరిగాయి. 2024లో అదే 29లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు మిగిలినవి రెండే రెండు: బద్వేలు, యర్రగొండపాలెం.

యీ అంకె చూసినవాళ్ళు "దళితులంతా అటు దూకారు" అనేశారు. మన వాళ్ళలో కొందరు మారిన మాట నిజమే. కానీ రాష్ట్రం మొత్తం లెక్క చూడండి. 2019లో తెలుగుదేశానికి వందకు 39 వోట్లు పడితే వచ్చిన సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా వందకు 39 వోట్లే పడ్డాయి, వచ్చిన సీట్లు 11. వందలో దాదాపు 50 వోట్లున్న పార్టీ 39కి దిగితే, అంటే పది పదకొండు వోట్లు జారితే, 151 సీట్లు 11 అయిపోయాయి. 2019లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ వేరువేరుగా నిలబడ్డాయి. 2024లో మూడూ చేయి కలిపి 175లో 164 పట్టుకుపోయాయి. గెలుపును తేల్చింది మన పల్లెలు వొక్కటే కాదు. వూళ్ళో మిగతా బజార్లన్నీ యెట్లా కూడాయన్నదే తేల్చింది.

యిక రిజర్వుడు సీటు సంగతి చూద్దాం. అక్కడ నిలబడే వాళ్ళందరూ మన వాళ్ళే. అటొక మాల, యిటొక మాదిగ, యింకోవైపు యింకొకరు. మన వోట్లు వాళ్ళ మధ్య చీలతాయి. పైగా మనకు రిజర్వు చేశారన్న మాటే గానీ దాదాపు యే సీటులోనూ మనం సగం వుండం. చట్టమే అట్లా రాశారు. 2002 నాటి నియోజకవర్గాల పునర్విభజన చట్టం ప్రకారం ఆదివాసుల సీట్లు వాళ్ళ జనాభా అందరికన్నా యెక్కువున్న చోట పెట్టాలి. మన సీట్లు మాత్రం మనం కాస్త యెక్కువగా వున్న చోట్లు చూస్తూనే రాష్ట్రమంతా అక్కడొకటి యిక్కడొకటి పరచాలి. మనం ప్రతి వూళ్ళో వున్నాం, యే వూళ్ళోనూ సగం లేం. కాబట్టి మన సీటులో మనోణ్ణి గెలిపించేదీ వోడించేదీ యెక్కువగా మనం కానివాళ్ళు.

గెలిచిన మనోడు ప్రమాణం చేసి వచ్చిన నాడు ముందు పెద్ద బజారుకు పోతాడు. పల్లెకు దండలు వాడిపోయాక వస్తాడు. ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. సీటు కట్టిన తీరే అది. 1932లో బాబాసాహెబ్ మనకోసం ప్రత్యేక నియోజకవర్గాలు సాధించుకొస్తే గాంధీగారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ సెప్టెంబరు 24న పూనా వొడంబడిక జరిగింది. రాష్ట్ర శాసనసభల్లో 148 సీట్లు యిచ్చారు, మన ప్రతినిధిని మనమే యెన్నుకునే హక్కు తీసుకున్నారు. సీట్ల సంఖ్య పెరిగింది, తాళంచెవి వాళ్ళ దగ్గర వుండిపోయింది. తొంభై యేళ్ళు దాటినా మన రిజర్వుడు సీటు అదే తాళంతో తెరుచుకుంటోంది.

పొత్తులు యెట్లా మారుతూ వచ్చాయి

మా తాతల కాలంలో లెక్క సులువు. పైన భూస్వామి, కింద పల్లె, పక్కన తురకల బజారు. మూడూ కాంగ్రెసు. మన వోటు కామందు గాడిలో కట్టేసిన గొడ్డు. ఆ కాంగ్రెసే 1960లో దామోదరం సంజీవయ్యను ముఖ్యమంత్రిని చేసింది. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. రెండేళ్ళకే ఆయన దిగిపోయారు. తర్వాత ఉమ్మడి రాష్ట్రం వున్నన్నాళ్ళూ యింకో దళితుడు ఆ కుర్చీ యెక్కలేదు.

కాలవల కింద, బోర్ల కింద వ్యవసాయం పెరిగింది. డబ్బు చేసిన కులాలు కాంగ్రెసులో తమకు చోటు చాలదనుకున్నాయి. చేతివృత్తుల బీసీలకు అక్కడ చోటే లేదు. 1982లో తెలుగుదేశం పుట్టి, 1983 జనవరిలో గెలిచింది యీ రెండింటినీ కూడే. అదొక పొత్తు. మనం అందులో లేం. 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. వొకటి తెలుగుదేశం ఏలుబడిలో, రెండోది కాంగ్రెసు ఏలుబడిలో. రెండు జెండాల కిందా మనమే చచ్చాం. ఆ రెండు వూళ్ళ నెత్తుటి నుంచే, మనకంటూ వొక రాజకీయం కావాలన్న మాట పల్లెల్లో పుట్టింది.

2009లో మూడోవాడు వచ్చాడు. ప్రజారాజ్యం 18 సీట్లే గెలిచింది. కానీ వోట్లు చీల్చింది. కాంగ్రెసు వందకు 37 వోట్లు కూడా తెచ్చుకోకుండానే 156 సీట్లతో మళ్ళీ గద్దెనెక్కింది. 2014లో రాష్ట్రం రెండయింది. మనిషి కదల్లేదు, గీత కదిలింది. గీత కదలగానే రెండు పక్కలా కులాల పాళ్ళు మారిపోయాయి. కాంగ్రెసును యిన్నేళ్ళు మోసిన ఆంధ్ర పల్లెలు చాలావరకు వైఎస్సార్ కాంగ్రెస్ వైపు నడిచాయి. కాంగ్రెసుకు ఆంధ్రప్రదేశ్‌లో 2014లోనూ, 2019లోనూ, 2024లోనూ వొక్క అసెంబ్లీ సీటూ రాలేదు. పల్లె కాలు తీస్తే యెంత పాత పార్టీ అయినా కూలుతుందని చెప్పడానికి యింతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కానీ గుర్తుంచుకోండి. మనం కూల్చగలిగాం. కట్టింది మాత్రం మన పొత్తు కాదు. వొక కామందు గాడి నుంచి యింకో కామందు గాడికి పోయాం. కట్టేసి వున్న గొడ్డుకు యెవరూ పచ్చగడ్డి చూపించరు. తెంచుకుపోతుందేమోనన్న దానికే చూపిస్తారు. మన వోటు "యెట్లాగూ మనదే" అనుకున్న పార్టీ మనల్ని అడగదు. "యెట్లాగూ రాదు" అనుకున్న పార్టీ కూడా అడగదు. రెండువైపులా మనం అడగబడని వోటు అయిపోయాం.

సంఖ్య వుంటే చాలా?

"మనం యెక్కువ మందిమి, మనదే రాజ్యం" అని మన సభల్లో గొంతు చించుకుని చెబుతాం. మేమూ చెప్పాం. అందులో సగమే నిజం.

2011 లెక్కల ప్రకారం పంజాబులో దళితులు వందకు దాదాపు 32 మంది. దేశంలో యే రాష్ట్రంలోనూ యింత లేదు. అయినా 2021 సెప్టెంబరు దాకా పంజాబు కుర్చీలో దళితుడు కూర్చోలేదు. యెన్నికలు ముంచుకొచ్చాక కాంగ్రెసు చరణ్‌జిత్ సింగ్ చన్నీని కూర్చోబెట్టింది. ఆరు నెలలు కూడా నిండకుండా 2022 యెన్నికల్లో ఆ పార్టీ కొట్టుకుపోయింది. అక్కడ దళితుల్లో మజ్హబీ సిక్కులు, వాల్మీకులు, రవిదాసీలు, ఆదిధర్మీలు వేరువేరు దారుల్లో వున్నారు. సంఖ్య వుంది, కూడిక లేదు.

ఉత్తరప్రదేశ్‌లో దళితులు వందకు దాదాపు 21 మంది. అక్కడ కాన్షీరాం గారు కూడిక నేర్పారు. 1993లో ములాయం సింగ్‌తో కలిశారు. 1995లో మాయావతి గారు మొదటిసారి ముఖ్యమంత్రి అయ్యారు. 2007లో బీఎస్పీ బ్రాహ్మణుల్నీ ముస్లింలనీ వెనకబడిన కులాల్నీ కలుపుకుని వందకు 30 వోట్లతో 403లో 206 సీట్లు గెలిచింది. మన ఆడబిడ్డ యెవరి దయా లేకుండా అయిదేళ్ళు యేలింది. ఆ రోజు మా పల్లెలో కూడా మిఠాయి పంచాం.

తర్వాత? 2012లో 80 సీట్లు. 2014 పార్లమెంటు యెన్నికల్లో వందకు దాదాపు 20 వోట్లు పడ్డా సీటు సున్నా. 2017లో 19. 2022లో వొక్కటి. 2024 పార్లమెంటులో మళ్ళీ సున్నా, వోట్లు వందకు పది కూడా లేవు. మొదట బయటి కులాలు జారిపోయాయి. ఆ తర్వాత జాతవులు కాని దళితులు, పాసీలు, వాల్మీకులు జారారు. చివరికి జాతవుల్లోనూ కదలిక వచ్చింది. పొత్తు ఆగిపోయిన చోట పునాది కూడా కరిగిపోతుంది. గెలిచే ఆశ లేని పార్టీకి వోటేసి యెన్నాళ్ళు కూర్చుంటారు?

అదే 2024లో అదే ఉత్తరప్రదేశ్‌లో అయోధ్య వున్న ఫైజాబాద్ సీటు చూడండి. అది జనరల్ సీటు. అక్కడ సమాజ్‌వాదీ పార్టీ పాసీ కులానికి చెందిన అవధేశ్ ప్రసాద్‌ను నిలబెట్టింది, గెలిపించుకుంది. రిజర్వేషను లేని చోట దళితుడు గెలిచాడు. యాదవులు, ముస్లింలు, యింకా కొన్ని వెనకబడిన కులాలు, దళితుల్లో వొక భాగం వొకచోట కూడితేనే గెలిచాడు. ఆ పార్టీని మనం నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కూడిక చేసే పని మాత్రం గమనించాలి.

మన దగ్గర 1994లో యేనుగు గుర్తు ఉమ్మడి రాష్ట్రమంతా తిరిగింది. గోడలన్నీ నీలం చేశాం. వొక్క సీటూ రాలేదు. 2014లో తెలంగాణలో ఆ గుర్తు మీద యిద్దరు గెలిచారు. గెలిచిన యిద్దరూ అధికార పార్టీలోకి నడిచిపోయారు. టికెట్టు కోసం వచ్చినవాళ్ళు గుర్తు వాడుకున్నారు, పల్లె పాత చోటే వుంది. వూళ్ళల్లో పొత్తు కట్టకుండా పైన గుర్తు తగిలిస్తే జరిగేది అదే.

ముందు యింటి గోడ

పొత్తు అనగానే బయటివాళ్ళ గురించి మాట్లాడతాం. మాలపల్లెకూ మాదిగపల్లెకూ మధ్య గోడ సంగతి యెవరు మాట్లాడాలి?

1994 జులై 7న మా ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. రిజర్వేషన్లలో మా వాటా మాకు పంచమన్నారు. ముప్పై యేళ్ళు కోర్టులూ రోడ్లూ తిరిగారు. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు యేడుగురు జడ్జీలతో కూర్చుని వర్గీకరణ చేసుకోవచ్చంది. 2025 యేప్రిల్ 14న తెలంగాణ 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా పంచింది. యిష్టమున్నా లేకపోయినా పంపకం అయింది. యింట్లో వాటాలు తేలాక అన్నదమ్ములు మాట్లాడుకుంటారా, గోడ యింకా యెత్తు కడతారా?

పార్టీలు మాత్రం గోడే కోరుకుంటాయి. యివాళ మాల సభలో వొక నాయకుడు, రేపు మాదిగ సభలో అదే పార్టీ యింకో నాయకుడు. యెవరి చెవిలో వాళ్ళకు కావలసింది వూదుతారు. వందకు 17 మందిమి వున్న మనం యెనిమిది, యెనిమిది, వొకటిగా చీలితే యే పార్టీకీ మన భయం వుండదు. రెల్లి, బుడగజంగం లాంటి చిన్న కులాల గొంతు అసలే వినపడదు. వర్గీకరణ న్యాయమని మేం మొదట్నించీ అన్నాం, మాల మిత్రుల చేత మాటలు కూడా పడ్డాం. యిప్పుడు రెండు పల్లెల వాళ్ళకీ చెబుతున్నాం: వాటా గొడవ తేలిపోయింది. యిక పొలం, కూలి, శ్మశానం, హాస్టలు అందరివీ.

వూరు మారింది, చూశారా?

మేం చిన్నప్పుడు చూసిన వూరు యిప్పుడు లేదు. పెద్ద బజారులో సగం యిళ్ళకు తాళాలు. కామందుల పిల్లలు కొందరు అమెరికాలో, కొందరు హైదరాబాదులో, బెంగుళూరులో వున్నారు. పొలం మాత్రం వాళ్ళ పేరు మీదే వుంది. దున్నేది బీసీలు, మనమూ. కౌలుకు. కార్డు కావాలంటే యజమాని సంతకం వుండాలని 2019లో తెచ్చిన సాగుదారుల చట్టం అంది. యజమాని యెక్కడో సముద్రాలవతల వుంటాడు. సంతకం పెట్టడు, పెడితే పొలం పోతుందని భయం. యీ కష్టం మాదిగ కౌలుదారుకీ గొల్ల కౌలుదారుకీ వొకటే. పంట పోతే యిద్దరికీ పరిహారం రాదు. అదిగో, పొత్తు పుట్టే చోటు అది. యెన్నికలొచ్చిన నెలలో హోటల్లో కూర్చుని మాట్లాడుకునే పొత్తు కాదు యిది, పొలం గట్టు మీద పుట్టే పొత్తు.

కుర్రాళ్ళూ మారారు. మా నాయనకు "చెయ్యి" గుర్తు అంటే తల్లి లాంటిది. యిప్పటి పద్దెనిమిదేళ్ళ పిల్లకు యే గుర్తూ తల్లి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 వోటర్ల జాబితాలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు యెక్కువ. డబ్బు వాళ్ళ ఖాతాలోనే పడుతోంది, మొగుడు చెప్పిన మీట నొక్కే రోజులు తగ్గుతున్నాయి. పార్టీలు యిది కనిపెట్టే ఆడవాళ్ళ పేరున పథకాలు ప్రకటిస్తున్నాయి. మన సంఘాల మీటింగుల్లో మాత్రం యింకా ఆడవాళ్ళు వెనక వరసలోనే కూర్చుంటున్నారు. యిది మన తప్పు, పార్టీల మీదికి తొయ్యలేం.

పక్క రాష్ట్రం చూడండి. తెలంగాణలో 2024 చివర్లో యింటింటి కులసర్వే చేశారు. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు వందకు 56 మంది అని తేలింది. ఎస్సీలు 17 పైచిలుకు. 2011లో 15 పైచిలుకే. లెక్క బయటపడగానే అన్ని పార్టీల నాలుకా తిరిగింది. నిన్నటిదాకా బీసీ వూసెత్తనివాళ్ళు కూడా బీసీ పాట యెత్తుకున్నారు. 2025 మార్చిలో స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతమంటూ శాసనసభ బిల్లు ఆమోదించింది. అక్టోబరులో హైకోర్టు అడ్డం పడింది. అది వేరే పోరాటం. లెక్క తేలితే పార్టీలు యెంత తొందరగా కదులుతాయో మాత్రం కళ్ళారా చూశాం. బీసీలు లేస్తుంటే మనకేం నష్టమని భయపడేవాళ్ళు మనలో వున్నారు. మేం అంటాం, వందకు 17 మందిమి వొంటరిగా వుంటే బోనులో వున్నట్టే. లేస్తున్న వాళ్ళతో యివాళే మాట్లాడాలి. కారంచేడు, చుండూరుల్లో మన మీదికొచ్చింది భూమి వున్న పెత్తందార్లు. కొన్ని వూళ్ళలో బీసీలు కూడా మన మీదికి వచ్చారు, ఆ సంగతి దాచం. ముఖం మీదే అడుగుదాం. అడిగాక కలుద్దాం.

పుస్తకం వస్తోంది

2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టి జనగణన చేస్తామని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. కులం కూడా రాస్తామంది. అన్ని కులాల లెక్క దేశమంతా వేసింది చివరగా 1931లో. యీ లెక్క మనకు యెందుకు ముఖ్యం? మన సీట్లు జనాభాను బట్టే వుంటాయి. 2001 జనాభా లెక్క పట్టుకుని 2008లో సీట్లు సరిచేసినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో 294లో మన సీట్లు 39 నుంచి 48 అయ్యాయి. తొమ్మిది సీట్లు పెరిగింది యే నాయకుడి దయవల్లా కాదు, లెక్కల పుస్తకంలో మన తలలు పడినందుకు.

కానీ యీ పుస్తకంలో మనం తప్పిపోయే దారులు చాలా వున్నాయి. తలలు లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. ఆ నెలలో మన వాళ్ళు యెక్కడుంటారు? యిటుక బట్టీల దగ్గర, మిర్చి కోతల్లో, పట్నాల్లో మేడలు కట్టే చోట. వున్నచోటే రాస్తారు. అక్కడికి పుస్తకం రాకపోతే యెక్కడా రాయరు. వేరే రాష్ట్రంలో రాస్తే ఆ రాష్ట్రం జాబితాలో మన కులం లేకపోతే ఎస్సీగా రాయరు. యింకొకటి. 1950 ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. చర్చికి పోయే మనోణ్ణి వూరు మాత్రం చర్చికి ముందు యెట్లా చూసిందో తర్వాతా అట్లాగే చూస్తుంది. కాగితం మీద మాత్రం బీసీ-సీ. యీ అన్యాయం వున్నంతకాలం మన అసలు సంఖ్య యే పుస్తకంలోనూ పూర్తిగా కనపడదు. అది మార్చమని అడగడం కూడా మన యెజెండాలో వుండాలి.

యేం చెయ్యాలి? నాలుగు పనులు. వొకటి, ప్రతి పల్లెలో మన యిళ్ళ జాబితా మనమే రాసుకుందాం. యెవరెక్కడికి వలస పోయారో, వాళ్ళ ఫోను నంబరేమిటో రాసుకుని, పుస్తకం వచ్చే వారం అక్కడ పేరు పడిందో లేదో కనుక్కుందాం. రెండు, మాలపల్లె, మాదిగపల్లె కలిసి వొకే కమిటీ, అందులో సగం ఆడవాళ్ళు. మూడు, కౌలుదార్ల కార్డు, వుపాధి కూలి, శ్మశానం దారి లాంటి నాలుగైదు పనుల మీద బీసీ, ముస్లిం, ఎరుకల, యానాది యిళ్ళతో వూరి స్థాయిలో వొడంబడిక. యే పార్టీ వచ్చినా ఆ కాగితం ముందు పెడదాం. సంతకం పెట్టాకే వోటు మాట. నాలుగు, బూతుల మిషన్లు కలిపి లెక్కపెట్టమని ప్రతి పార్టీనీ, యెన్నికల సంఘాన్నీ గట్టిగా అడుగుదాం.

యివన్నీ ఆ పెద్దామెకు చెప్పాం. అంతా విని ఆమె అంది: "అది సరే అబ్బయ్యా. మా పెద్దోడూ కోడలూ పిల్లలూ సంక్రాంతి పోగానే బట్టీకి పోతారు. ఆ పుస్తకంలో అయిదు తలకాయలు తగ్గుతయ్యి గదా. వాళ్ళ పేర్లు ముందు రాయి."

మా జాబితాలో మొదటి పేర్లు అవే రాశాం. మీ పల్లెలో మొదటి పేరు యెవరిది? యీ సంచిక మూసేలోపు రాయడం మొదలుపెట్టండి.

జై భీం!